సగం దారి

పొద్దున పదిన్నరకే డుఫీ పదిహేడుసార్లు చచ్చింది.

పదిహేడోసారి చంపింది గుర్రమంత తేలు. తెర ఎర్రబడింది. నేలకొరిగిన వీరుడు మళ్ళీ తన గుడిసె ముందు కళ్ళు తెరిచాడు. కత్తి పోయింది, మంత్రాల టోపీ పోయింది, దాటివచ్చిన అడవి కొత్త తోవలతో మళ్ళీ అల్లుకుంది. మిగిలినవి ఏరుకొచ్చిన గింజలే. వాటిని పెరట్లో నాటితే వచ్చేసారికి ప్రాణం కాస్త గట్టిపడుతుంది. డుఫీ నాటింది. పక్కనున్న కాగితం మీద రాసింది: "తేలు తోక చెట్టు చాటున కనబడలేదు. నా తప్పు కాదు."

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి, వెడల్పాటి భుజాలు, ముక్కు చివరికి జారే కళ్ళద్దాలు. కుమాసీలో లారీ స్టేషన్ అని పిలిచే బస్టాండులో ముప్పై ఏళ్ళు టికెట్లు చింపి జనాన్ని సాగనంపింది. వాళ్ళలో ఎవరు తిరిగొచ్చారో ఆమెకు తెలియదు, ఆ బెంగ మాత్రం ఉండిపోయింది. టికెట్ల పని యంత్రాలకు పోయాక ఈ మేడమీది వీడియో ఆటల కంపెనీలో కుదిరింది. ఇక్కడివాళ్ళంతా ఆరితేరి చావడం మానేశారట, ఆట రాని మనిషి కావలసి వచ్చింది. రెండేళ్ళయినా డుఫీకి ఆట రాలేదు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఇక మార్పుల్లేకుండా ఆటను మూసి జనంలోకి విడుదల చేస్తారు. ఆ తర్వాత చచ్చే మనిషితో పనిలేదు, డుఫీకి ఇదే ఆఖరి రోజు.

ఆటలో వీరుడి గుడిసె గుమ్మంలో నిలబడే ముసలమ్మకు నిన్ననే గొంతు పెట్టారు. వీరుడు పద్దెనిమిదోసారి బయలుదేరుతుంటే ఆమె అంది: "దారి ఇచ్చేశాను, వెళ్ళు."

మీట మీద డుఫీ బొటనవేలు ఆగిపోయింది.

"పొకువా! ఇటు రా తల్లీ. ఈ ముసల్ది వీణ్ణి తరిమేస్తోంది."

కంపెనీ పొకువాదే, మాటలు రాసిందీ ఆమే. వేయించిన అరటి ముక్కలు నములుతూ వచ్చింది.

"తరమడమేంటాంటీ? దారి అడిగాడు, ఇచ్చింది."

"మొత్తం ఇచ్చేసిందే! మీ ఇంటికొచ్చిన చుట్టం ఇక వెళ్తానని దారి అడిగితే మీ అమ్మేమంటుంది?"

"సగమే ఇస్తున్నాం అంటుంది..." పొకువా నమలడం ఆపింది. "అయ్యో."

"మిగతా సగం కోసమే కదే మళ్ళీ రావడం! మొత్తం ఇచ్చేశామంటే ఇంక మా గడప తొక్కకు అన్నట్టే."

"చస్తే ఎలాగూ వస్తాడు కదాంటీ. ఆటే అది."

"చచ్చి రావడం వేరు, రమ్మంటే రావడం వేరు."

పొకువా గడియారం చూసింది. "గొంతిచ్చినావిడ అక్రాలో ఉంది. నాలుగింటిలోపు ఎవరు చెప్తారిప్పుడు?"

"ముప్పై ఏళ్ళు టికెట్టు టికెట్టుకీ నేనేం చెప్పాననుకున్నావు?"

డుఫీ గొంతు రికార్డు చేయడానికి ఫ్యాను ఆపి, తలుపులు వేశారు. మొదటిసారి దగ్గొచ్చింది. రెండోసారి కింద ట్రోట్రో బండి హారన్ కొట్టింది. మూడోసారి డుఫీ కళ్ళు మూసుకుని, ఎదురుగా ఎవరో మూట పట్టుకుని నిలబడ్డట్టు చెప్పింది: "సగం దారే ఇస్తున్నా నాయనా. మిగతాది వచ్చి తీసుకో."

మూడున్నరకల్లా ఆ మాట ఆటలో చేరింది. గుమ్మంలో తన గొంతు తనే విని డుఫీ కిసుక్కున నవ్వింది. హుషారుగా తేలు మీదికి ఉరికి, వెంటనే చచ్చింది.

నాలుగయింది. ఆట మూసేశారు. డుఫీ సంచీ భుజాన వేసుకుంది.

"దారి అడుగుతున్నాను, పొకువా."

పొకువా తెరవైపే చూస్తూ అంది: "సగం కూడా ఇవ్వను. పావే."

"పావుతో మెట్లయినా దిగలేనే, పిసినారీ!"

నవ్వుతూనే దిగిపోయింది. కిటికీలోంచి ఎవరూ తొంగిచూడలేదు. కుర్చీ వీపు మీద ఆమె పసుపు ఊలు స్వెట్టరు ఉంది. మరిచిపోయి వదిలినట్టు లేదు, గుండీలన్నీ పెట్టి, చేతులు రెండూ చక్కగా లోపలికి మడిచి ఉంది.