మెట్లపూజకు వెళ్ళిన మోకాలు

“పరిగెత్తేది లేదంటివి కదా, ఇంక ఈ పప్పన్నా రుబ్బు.”

అత్త అలిమేలమ్మ నానిన మినప్పప్పు గిన్నె తెచ్చి రుబ్బురోలు పక్కన పెట్టి వెళ్ళిపోయింది. చంద్రావతి ఆ గిన్నె వైపు చూసి, తర్వాత తన కుడి మోకాలి వైపు చూసుకుంది. పట్టీ కింద అది వాచి, ఎవరిదో కాలు తెచ్చి తనకు అతికించినట్టుంది. రోలు ముందు కూర్చోవాలంటే ఒక కాలైనా మడవాలి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ స్పష్టంగానే చెప్పింది. ఆరు వారాలు గొంతుకు కూర్చోకూడదు, మెట్లెక్కకూడదు, బరువు మొయ్యకూడదు, బెంగుళూరు పోటీల మాట తలవనే కూడదు. అత్తా, మొగుడూ పక్కనే నిలబడి విన్నారు. తిరువళ్లూరు బజారు దాటి ఇంటికొచ్చేసరికి మిగతావన్నీ దారిలోనే రాలిపోయి, పోటీల మాట ఒక్కటే ఇల్లు చేరింది. మర్నాడు తెల్లవారుజామున నాలుగింటికి వీధి కుళాయి దగ్గర వరుసలో పెట్టిన బిందెలు చంద్రావతివే.

పెళ్ళయి అయిదేళ్ళు. అలిమేలమ్మ పరాయిదేం కాదు, సొంత మేనత్త. అయినా మొదటి ఏడంతా, “మగోళ్ళ మాదిరి ఆ పరుగేందే? నలుగురూ నవ్వుతుండారు,” అనేది. పూండి రోడ్డు మీద తెల్లారకముందే పరిగెత్తి వచ్చి, పొయ్యి ముట్టించి, వైర్ల కంపెనీకి పోయి ఎనిమిది గంటలు నిలబడి పని చేసి, సాయంత్రం కంపెనీ మైదానంలో మళ్ళీ పరిగెత్తేది చంద్రావతి. పరుగుకు వేసుకునే నిక్కరు పెరట్లో తీగ మీద ఆరేసి, ఎవరికీ కనబడకుండా దాని మీద చీర కప్పేది. ఎండ తగలక అది ఎప్పుడూ సగం తడిగానే ఉండేది, ఆ తడినిక్కరుతోనే పరిగెత్తేది. మొన్న మద్రాసులో ఎనిమిది వందల మీటర్లలో మొదట వస్తే, ఆమె ఫోటో తమిళ పేపర్లో పడింది. ఆ ఫోటోలో ఉన్నది ఆ నిక్కరే. అలిమేలమ్మ ఆ ముక్క కత్తిరించి దేవుడి పటం వెనక దోపి, వచ్చిన వాళ్ళకల్లా తీసి చూపించింది. “మా కోడలు. అఖిల భారత పోటీలకు బెంగుళూరు పోతాది. నేను మొక్కుకుంటేనే వచ్చింది ఇది.”

మొక్కుకున్న సంగతి చంద్రావతికి అప్పుడే తెలిసింది. కోడలు గెలిస్తే తిరుత్తణి కొండ మెట్లు మూడువందల అరవై అయిదుకీ కోడలి చేతనే పసుపు కుంకుమ పెట్టిస్తానని, పసుపుగుడ్డలో ముడుపు కట్టి ఉంచిందట.

“బెంగుళూరు పోయి వచ్చినాక పోదాం అత్తా.”

“మొక్కు బాకీ పెట్టుకొని పోతావా? స్వామి ఊరుకుంటాడా?”

మొగుడు మునికృష్ణ తల్లి వైపే మాట్లాడాడు. “మీ సారు చేయించే గుంజీళ్ళే కదా ఇవీ? దేవుడికి చేస్తే పుణ్యం కూడా.” నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూసి చంద్రావతికీ నిజమేననిపించింది. ఇప్పుడు తలుచుకుంటే ఎక్కువ ఒళ్ళు మండేది అందుకే. కోచ్ ఆరోగ్యస్వామి సారును ఒక్కమాట అడిగి ఉండొచ్చు. ఇంట్లో జరిగే పూజ గురించి బయటి మగవాణ్ణి అడగడమేమిటని ఊరుకుంది.

మెట్లపూజ రోజు అలిమేలమ్మ కొండ మీదికి బస్సులో వెళ్ళింది. తనకు మోకాళ్ళ నొప్పులు. చంద్రావతి కింది మెట్టు దగ్గర మొదలుపెట్టింది. కూర్చోవాలి, తడిగుడ్డతో తుడవాలి, పసుపు రాయాలి, కుంకుమ బొట్టు పెట్టాలి, కర్పూరం వెలిగించాలి, లేవాలి. మునికృష్ణ కుంకుమ పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడి ఎక్కుతూ వచ్చాడు. రెండు వందలు దాటాక మోకాలి లోపల ఏదో టక్కుమంది.

“బావా, కాలు పట్టేసింది. చాలు.”

“సగంలో నిలిపితే దోషమంటాది అమ్మ. ఇంకెన్నుండాయి, మెల్లంగా కానీ.”

ఆమె మెల్లగా కానిచ్చింది. పైన నీడలో కూర్చుని ఎదురుచూస్తున్న అలిమేలమ్మ, “ఇంతసేపా!” అంది.

పప్పు గిన్నె మీద ఈగ వాలింది. చంద్రావతి దాన్ని తోలలేదు. ముందుగదిలోంచి మునికృష్ణ ఒక కాగితం తెచ్చాడు. ఇంగ్లీషులో టైపు కొట్టించుకొచ్చాడు.

“సాయంత్రం మీ సారు వస్తాడంట కదా. దీంట్లో సంతకం పెట్టు.”

“ఏం రాసినావు?”

“కుటుంబ పరిస్థితుల వల్ల రాలేనని. మర్యాదగా ఉండాది. కాలని రాస్తే ఎట్ల తగిలిందని అడుగుతారు. మెట్లపూజంటే కంపెనీలో నవ్వరా? అమ్మ పరువేం గావాల?”

ఆసుపత్రికి చూడవచ్చిన ఆరోగ్యస్వామికి కాలు మెలిపడిందని మాత్రమే చెప్పారు. అప్పుడు ఆయన ఏమన్నాడో ఇద్దరూ విన్నారు. దెబ్బ తగిలిందని రాసి డాక్టరు కాగితం జత చేస్తే జట్టులో ఆమె చోటు వచ్చే ఏడాదికి ఉంటుంది. కుటుంబ కారణాలంటే పేరు కొట్టేస్తారు. పెళ్ళయిన ఆడవాళ్ళ విషయంలో పైవాళ్ళు అసలే అదను కోసం చూస్తున్నారు.

“దీంతో నా పేరు కొట్టేస్తారు బావా. నీకు తెలుసు.”

“ఇరవయ్యారు వచ్చినాయి. ఇంకెన్నాళ్ళు పరిగెత్తుతావులే చంద్రా?” ఓదారుస్తున్నట్టే అన్నాడు.

మెట్ల మీద కూడా ఇదే గొంతు. మెల్లంగా కానీ అన్న గొంతు. అతను కొట్టడు, తాగడు. ఊరంతా బంగారమంటుంది. అరిచే మొగుడైతే తిరిగి అరవొచ్చు. ఈ మెత్తదనంతో ఎక్కడని పోట్లాడాలి? కాగితం నెమ్మదిగా మడిచి అతని చేతిలో పెట్టింది. గోడ పట్టుకుని లేచి, కుంటుకుంటూ వెళ్ళి నోటుపుస్తకంలోంచి ఒక తెల్లకాగితం చింపి తమిళంలో రాయడం మొదలుపెట్టింది.

సాయంత్రం ఆరోగ్యస్వామి సైకిలు అరుగుకు ఆనించి లోపలికి వచ్చాడు. మునికృష్ణ నోరు తెరిచేలోపే చంద్రావతి తన ఉత్తరమూ డాక్టరు కాగితమూ అందించింది. ఆయన నిలబడే చదివాడు.

“మూడువందల అరవై అయిదు మెట్లా? పోటీలకు ముందా? ఏమ్మా, నన్నొక మాట అడగకూడదా?”

“అడగాల్సింది సార్. తప్పే.”

“తప్పే,” అన్నాడాయన కోపంగానే. తర్వాత కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. “రేపు పొద్దున పేరు తీయిస్తాను. చోటు ఉంచమని రాస్తాను. ఆరు వారాలు ఆ కాలు కింద పెట్టావంటే మళ్ళీ నా మొహం చూడొద్దు.”

సైకిలు సందు తిరిగేదాకా ఆగి అలిమేలమ్మ అందుకుంది. “ఆయన చర్చికి పోయేటాయన. మన మొక్కు సంగతి ఆయనకెందుకు రాసిచ్చినావే? నేనేమన్నా నీ కాలు విరగాలని మొక్కినానా?” ఆమె నిజంగానే ఏడ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకుని లోపలికి వెళ్ళి, పసుపు తడిపిన గుడ్డముక్క, ఒక రూపాయి బిళ్ళ తెచ్చి దేవుడి పటం ముందు కూర్చుంది.

“అయ్యా మురుగా, దానికి కాలు బాగయితే మళ్ళీ ఆ మెట్లన్నింటికీ దాని చేతనే...”

చంద్రావతి బల్ల మీద కూర్చుని, ఎదురుగా స్టూలు లాక్కుని, దాని మీద కుడికాలు చాపుకుంది. నిన్నటిదాకా ఈ ఇంట్లో ఆ స్టూలు మీద కాలు పెట్టింది మునికృష్ణ ఒక్కడే.

“పోటీలోంచి నా పేరు తీసేస్తుండారు అత్తా. దీంట్లోంచి కూడా తీసేయండి.”

ముడి వేస్తున్న అలిమేలమ్మ వెనక్కి తిరిగింది. “మరి ఎవరెక్కేది? నాకా మోకాళ్ళు లేవు.”

“మీ కొడుక్కి బాగానే ఉండాయి కదా. కుంకుమ పళ్ళెం నేను పట్టుకుంటా.”

పేపరు తిరగేస్తున్న మునికృష్ణ చెయ్యి ఆగింది. పెళ్ళయిన అయిదేళ్ళలో మొదటిసారి తన మోకాళ్ళ వైపు తాను చూసుకున్నాడు.