రావద్దన్న మెసేజ్

ఫిలొమేనా అత్త చేత ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు అమీనా పొద్దున్నే వస్తాడని రోటర్‌డామ్‌లోని ఆ వీధి మొత్తానికి తెలుసు. ఇలాంటి రోజుల కోసమే అద్దెదారుల సంఘం నడిపే హన్నెకె ఒక యాప్ తయారుచేసింది. ఆమె మీట నొక్కితే సంఘంలో అందరి ఫోన్లూ మోగుతాయి. జనం వచ్చి మెట్ల నిండా కూర్చుంటారు. కిందటి శీతాకాలం రెండు కుటుంబాలు అలాగే ఇల్లు నిలుపుకున్నాయి.

ఈసారీ నొక్కింది. కానీ మెట్ల మీద ఆమె, ఆమెకు కుడిభుజంలాంటి యోస్ట్ తప్ప ఎవరూ లేరు. కింద వ్యాను ఆగింది.

ఇంతలో పక్కవీధి రషీదా ఫోన్ చేసింది.

"హన్నెకే, ఇంతకీ రావాలా వద్దా? వాయిదా పడింది, ఎవరూ రావద్దని ఇప్పుడే ఇంకో మెసేజ్ పెట్టావుగా?"

ఆమె అలాంటిదేమీ పెట్టలేదు. సంఘం పేరు మీద మెసేజ్ పంపగలిగేది ఇద్దరే. ఆమె యోస్ట్ వైపు తిరిగింది. అతను గోడకేసి చూస్తున్నాడు.

"నువ్వేనా?"

"గుంపు లేకపోతే నెల గడువిస్తానని అమీనా మాటిచ్చాడు. కిందటిసారి తోపులాటలో మా అన్న చెయ్యి విరిగింది, మర్చిపోయావా? ఇంకెవరికీ దెబ్బ తగలకూడదనుకున్నా."

"గడువిచ్చేవాడు తాళాలవాణ్ణి వెంటేసుకొస్తాడా? అటు చూడు!"

యోస్ట్ కిందికి తొంగి చూశాడు. డ్రిల్లు పట్టుకున్న మనిషి మెట్లెక్కుతున్నాడు. యోస్ట్ మొహం పాలిపోయింది.

హన్నెకె ఫోన్ మీద వేళ్లు పెట్టి ఆగిపోయింది. "మళ్లీ రమ్మంటే ఎవరు నమ్ముతారు?"

"ఫోనిలా ఇవ్వు. రాస్తే నమ్మరు, నా గొంతైతే పోల్చుకుంటారు."

"తర్వాత వాళ్లకు మొహం ఎలా చూపిస్తావు?"

"ఇవ్వమన్నానా!"

అతను గొంతు రికార్డు చేసి అందరికీ పంపాడు. "నేను యోస్ట్‌ని. రావద్దని పెట్టింది నేనే. ఎవరినీ అడగలేదు, మోసపోయాను. తిట్టాలనుంటే ఇక్కడికొచ్చి తిట్టండి. అత్త ఇంటి ముందే ఉన్నాం."

అమీనా పైకొచ్చాడు. "లేవండి."

"నెల గడువన్నారు కదా!" అన్నాడు యోస్ట్.

"కాగితం చూపించు మరి."

ఇద్దరూ భుజాలు ఆనించుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. తలుపు వెనక అత్త సన్నగా ప్రార్థన చేసుకుంటోంది. అమీనా పోలీసులకు ఫోన్ చేశాడు. తాళాలవాడు డ్రిల్లు ఆడించి చూసుకున్నాడు. ఆ శబ్దానికి లోపల ప్రార్థన ఆగిపోయింది.

అప్పుడు వీధి తలుపు దభాలున తెరుచుకుంది. ముందు రషీదా, బడి సంచులతో ఆమె పిల్లలు. వెనక రొట్టెల కొట్టాయన, ఆ వెనక ఇంకెందరో.

"సిగ్గులేదట్రా నీకు?" అని యోస్ట్‌ని తిడుతూనే రషీదా అతని పక్కన కూలబడింది. ఒక్కొక్కరే తిట్టారు, కూర్చున్నారు. కాసేపటికి మెట్లు కనిపించలేదు.

పోలీసులొచ్చి కిందినుంచే చూసి, ఇంతమందిని ఇప్పుడు లేపలేమని అమీనాతో చెప్పారు. "మళ్లీ వస్తాం" అంటూ అతను కాగితాలు మడిచాడు.

జనం పలచబడ్డాక యోస్ట్ అన్నాడు. "యాప్‌లోంచి నన్ను తీసెయ్."

హన్నెకె కాదనలేదు. అతని ఎదురుగానే తీసేసింది. ఫోన్ జేబులో పెట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. ఫిలొమేనా అత్త కాఫీ కప్పు యోస్ట్ చేతికిచ్చింది.

"నీ మీద నాకింకా కోపం తగ్గలేదు" అంది. "లోపలికొచ్చి తాగు."