వినకుండా దాచుకున్న మాట

అచ్చు కాగితం కంటపడితే చదవకుండా వదిలే మనిషి కాదు బైండరమ్మ. బడి గడప తొక్కింది లేదు. బైండింగుకు వచ్చిన కాగితాలు మడతపెడుతూ, కూడబలుక్కుంటూ తనంతట తానే చదువు నేర్చుకుంది. మందు డబ్బాలో మడిచిపెట్టే సన్నక్షరాల చీటీని కూడా కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివేది. అలాంటిది, జన్మలో ఒక్కసారి చదవకుండా సరేనంది. అదే ఆమె కొంప ముంచింది.

చెల్లెలు తన కూతురి దగ్గర ఉండటానికి వేరే ఊరు వెళ్లిపోయిన రోజది. బయలుదేరే ముందు అక్క ఫోనులో ఒక వెబ్‌సైటు తెరిచింది. ఒకరు మాట్లాడి పంపితే రెండోవారు తీరిగ్గా వినొచ్చు. అక్కకు మెయిలు లేదు కనుక తన మెయిలే ఇచ్చింది. తెర మీద సేవా నిబంధనలు బారుగా దిగాయి.

"ఉండవే, చదవనీ."

"నువ్వు చదివేసరికి నా రైలు ఊరు దాటుతుంది. నొక్కెయ్యక్కా! నీ ఆస్తులేం రాయించుకోరులే."

'అంగీకరిస్తున్నాను' అన్న చోట అక్క నొక్కింది. తెర మీద జిగురు మరక పడింది.

ముప్పై ఏళ్లు ఇద్దరూ ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని ఒకరు కుడితే ఒకరు అంటించారు. ఆ బల్ల వదిలి వెళుతోందని అక్కకు కడుపులో మంట. సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి "వెళ్లొస్తానక్కా" అంది చెల్లెలు.

"జిగురు ఆరిపోతోంది, లేవలేను" అంది అక్క, తలెత్తకుండానే.

జిగురు ఆరిపోతున్న మాట నిజమే. కానీ తలెత్తడానికి జిగురేం అడ్డు?

ఆ తర్వాత చెల్లెలి మాటలు వారం వారం వచ్చేవి. అక్క విని "ఆఁ, బాగానే ఉన్నా" అని ఒక్క ముక్క పంపేది. ఒక రోజు మూడు నిమిషాల మాట వచ్చింది. చేతిలో పనుంది, తర్వాత విందాంలే అనుకుంది. సాయంత్రానికి చెల్లెల్ని ఆస్పత్రిలో చేర్చారని కబురు. నాలుగో రోజుకు మనిషి లేదు.

అక్కడి నుంచి తిరిగొచ్చి చూస్తే, ఆ మాట పక్కన నీలం చుక్క అలాగే ఉంది. ఇంకా వినలేదని గుర్తు. నొక్కి వినడానికి బైండరమ్మకు చెయ్యి రాలేదు. తిట్టి ఉంటే బదులు చెప్పుకోవడానికి మనిషి లేదు. తిట్టకపోతే మరీ కష్టం. విన్నాక ఇక చెల్లెలి దగ్గర్నుంచి కొత్తమాట రాదు కదా.

కొత్తగా అంటించిన పుస్తకాన్ని బరువు కింద పెట్టి, ఆరేదాకా తెరవకూడదు. తొందరపడితే వెన్ను విరుగుతుంది. ఆ చేతులకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఇదీ ఆరనీ అనుకుంది. రోజూ పని మొదలుపెట్టే ముందు నీలం చుక్కను చూసుకుని, ఫోను సొరుగులో పెట్టేది.

ఒక పొద్దున చుక్క లేదు. పాతవన్నీ ఉన్నాయి. ఆ ఒక్కటే లేదు.

ఆదివారం చెల్లెలి కూతురు వచ్చింది. చాలాసేపు వెతికి, "పెద్దమ్మా, పంపిన ఏడాదిలోగా వినకపోతే తీసేస్తారట. విన్నవైతే ఉంటాయి" అంది.

"ఒక్కమాట చెప్పకుండా తీసేస్తారటే? దొంగల్లాగా!"

"మూడుసార్లు చెప్పారు పెద్దమ్మా." ఆ పిల్ల గొంతు తగ్గింది. "అమ్మ మెయిలుకి."

బైండరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆ నిబంధనలు ప్రింటు తీయించుకురా."

"ఇప్పుడెందుకు?"

"చదవాలి."

ఇరవై రెండు కాగితాలు. అలవాటు కొద్దీ అంచు సరిచేసి, దారంతో కుట్టి మరీ చదివింది. పద్నాలుగో నిబంధనలో ఉంది, మూడే వరుసలు. సన్నక్షరాలు కూడా కావు.

సాయంత్రం బైండరమ్మ ఒక పుస్తకం వెన్నుకు జిగురు రాస్తుంటే, ఆ పిల్ల సంచి సర్దుకుంటూ ఆగింది.

"ఆ చివరి మాట పంపిన రోజు అమ్మ నన్ను గదిలోంచి పొమ్మని మాట్లాడింది. తలుపు అవతల నాకు ఒక్క ముక్కే వినపడింది. 'జిగురు ఆరిందా అక్కా?' అని అడిగి నవ్వింది."

కుంచె ఆగింది. "ఎలా నవ్వింది? ఎత్తిపొడుపుగానా?"

"ఏమో పెద్దమ్మా. అమ్మ ఎప్పుడూ నవ్వినట్టే నవ్వింది."

"తర్వాత?"

"వంటింట్లోకి వెళ్లిపోయాను."

ఆ పిల్ల గుమ్మం దగ్గర "వెళ్లొస్తా పెద్దమ్మా" అనగానే బైండరమ్మ కుంచె అక్కడే పడేసి లేచింది. జిగురు చేతులతోనే వీధి చివరిదాకా నడిచింది. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడింది.

తిరిగొచ్చేసరికి పుస్తకం వెన్ను మీద జిగురు గట్టిపడిపోయింది. అట్ట ఇక అంటదు. బల్లకు అవతలి కుర్చీ వైపు ఒకసారి చూసి, కత్తి తీసుకుని గోకడం మొదలుపెట్టింది.