కొట్టేసిన మాటలు

బడి నుంచి ఇంటికి రాగానే పంతులమ్మ చేసే మొదటి పని, కింద ఉన్న సామానంతా బల్ల మీదికి ఎక్కించడం. చెప్పులు, బియ్యం డబ్బా, దిద్దాల్సిన పరీక్ష పేపర్లు. ఆ వీధిలో అందరూ అదే పనిలో ఉంటారు. కాసేపటికి సముద్రం వస్తుంది. రేవు దాటి, ఐసు ఫ్యాక్టరీ దాటి, చప్పుడు చెయ్యకుండా, తలుపుల సందుల్లో వాసన చూసుకుంటూ వీధి పొడుగునా పాకుతుంది. అప్పుడు అత్త చేతిలో వల పక్కన పడేసి, గుమ్మంలోకి వచ్చి, దాన్ని బండబూతులు తిడుతుంది. సముద్రం వెనక్కి పోతుంది. జనం దీపాలు వేసుకుని అన్నాలకి కూచుంటారు.

అత్త అంటే పంతులమ్మ తండ్రికి అక్క. చిరిగిన వలలు బాగుచేసి బతికే మనిషి. మొగుడూ కొడుకూ ఒకే పడవలో పోయి మళ్లీ రాలేదు. ఆ మర్నాటి నుంచే ఆమెకి ఆ నోరు వచ్చిందంటారు. ఒకసారి జ్వరమొచ్చి ఆమె గొంతు పూడుకుపోతే, ఆ సాయంత్రం నీళ్లు గడియారాల మెకానిక్ ఇంట్లో దూరి, నడుం వాల్చి ఉన్న అతని భార్యని పరుపుతో సహా పట్టుకుపోయాయి. అప్పటి నుంచి అత్త దగ్గితే చాలు, వీధంతా ఉలిక్కిపడేది.

తల్లీ తండ్రీ లేని పంతులమ్మ ఆ అత్త చేతుల్లోనే పెరిగింది. ఆమె నోట మాత్రం ఒక్క చెడ్డ మాట ఎవరూ విని ఎరగరు. కవితలు రాసేది. వెన్నెల మీద, వాన మీద, ఆఖరికి సముద్రం మీద కూడా ముద్దుముద్దుగా రాసేది. ఒక్కసారి మాత్రం అత్త మీద రాసింది, అత్త తిట్లు ఉన్నవి ఉన్నట్టు పెట్టి. వీధి మలుపులో మేడ మీద ఉండే పత్రిక సంపాదకుడికి పట్టుకెళ్లి ఇచ్చింది.

ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బాగుందమ్మా. కానీ ఈ మాటలు..."

"మా అత్త అనే మాటలేనండీ."

"ఆవిడ అనొచ్చు. కవిత అనకూడదు. చిన్నపిల్లలు చదివే పత్రిక."

"ఆ చిన్నపిల్లలు రోజూ కిటికీలో కూచుని వింటూనే ఉన్నారు కదండీ."

"వినడం వేరు, అచ్చులో చూడటం వేరు." ఆయన ఎర్ర పెన్ను తీశాడు. 'లంజదానా' అన్నచోట 'నిర్దయురాలా' అని రాశాడు. మిగతా రెండు మాటలకీ చుక్కలు పెట్టాడు. పంతులమ్మ పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశ కొద్దీ తలూపింది.

పత్రిక వచ్చాక అత్తకి చదివి వినిపించింది. అత్త అంతా విని, "ఎవత్తే ఆ నిర్దయురాలు?" అంది. "సముద్రమే అత్తా." "ఓసినీ! తిట్టావనుకున్నానే. శాలువా కప్పి సన్మానం చేశావు గదే దానికి!" అని పొట్ట పట్టుకుని నవ్వింది. పంతులమ్మ మొహం చిన్నబుచ్చుకుంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, వల కుడుతూ కుడుతూ అత్త పక్కకి ఒరిగిపోయింది. డాక్టరు వచ్చేసరికి సాయంత్రమైంది, మూతి ఒక వైపుకి లాగేసింది. "పక్షవాతం. మాట రాదు," అన్నాడు డాక్టరు. మందుల చీటీ రాస్తూనే కిటికీలోంచి రేవు వైపు చూశాడు. చీటీ బల్ల మీద పడేసి పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

కబురు క్షణాల్లో పాకింది. మేడలున్నవాళ్లు మేడలెక్కారు. లేనివాళ్లు వాళ్ల మెట్ల మీద కిక్కిరిసి నిలబడ్డారు. అత్తని మంచంతో సహా ఎత్తుకెళ్దామని ఇద్దరు వచ్చారు గానీ, అప్పటికే నీళ్లు వీధి మొగలో కనిపించాయి. వాళ్లు మంచం వదిలేసి పారిపోయారు.

"ఆ మాటలన్నీ నీకు తెలుసు కదమ్మా, నువ్వే రాశావు కదా!" అని మెకానిక్ మెట్ల మీంచి అరిచాడు. "చదువమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను!"

పంతులమ్మ పత్రిక తీసి గుమ్మంలో నిలబడి చదివింది. సముద్రం ఆగింది. విన్నది. 'నిర్దయురాలా' అన్న మాట దగ్గర అలలు ముచ్చటపడినట్టు ఊగాయి. తర్వాత అది ఇంకో మెట్టు ఎక్కింది.

"అది కాదమ్మా!" తల్లిని భుజాన వేసుకుని మేడ మీద నిలబడ్డ సంపాదకుడు గొంతు చించుకున్నాడు. "నేను కొట్టేసింది! కొట్టేసింది చదువు!"

ఆమె కొట్టేసిన మాటలు గుర్తున్నవి గుర్తున్నట్టు పెట్టి మళ్లీ చదివింది. తరగతిలో ఎక్కం అప్పజెప్పినట్టు, నెమ్మదిగా, స్పష్టంగా. సముద్రం జంకలేదు. వెనక్కీ పోలేదు. ఆ మాటలు అత్తవని దానికి తెలుసు. ఆమె కాళ్ల పక్కనుంచి జారి, గది దాటి, మంచం కిందికి చేరింది. మంచం లేచి తేలింది. ఒక సన్నటి నీటి పాయ దుప్పటి మీదికి పాకి, అత్త వంకరపోయిన పెదాలని మెల్లగా తడిమింది. అత్త కన్నొకటి పంతులమ్మ వైపు తిరిగింది. ఆ కంట్లో భయం ఉంది. అత్త భయపడటం ఆమె ఎన్నడూ చూడలేదు.

"తియ్యి చెయ్యి," అంది పంతులమ్మ. అరవలేదు. అరవడానికి ఊపిరి లేదు. "సిగ్గులేని లంజా, తియ్యవే చెయ్యి. దాని మొగుణ్ణి మింగావు, కొడుకుని మింగావు, ఎముక కూడా ఉమ్మలేదు. నీ కడుపు కుళ్లిపోను, ఇంకా ఏం మిగిలిందని నాకుతున్నావే ఈ ముసలిదాన్ని? నీ మీద పాటలు రాశానే నేను. నా నోరు పడిపోను, నిన్ను అందగత్తెవన్నానే!"

నీళ్లు నిలిచిపోయాయి. మంచం మెల్లగా నేలకి ఆనింది. సముద్రం మెట్టు మెట్టూ దిగి, తలుపులు వేటినీ తాకకుండా వీధి మధ్యలోంచి వెళ్లిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మెట్ల మీద ఒక పసిబిడ్డ ఏడుపు అందుకుంది.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ ఇంటికి వచ్చింది. కుర్చీ అంచున కూచుంది.

"పిల్లల తల్లిదండ్రులు ఇబ్బంది పడుతున్నారు టీచర్. ఆ నోటితో పద్యాలు చెప్పడమంటే..."

"అర్థమైందండీ."

హెడ్మిస్ట్రెస్ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. గొంతు తగ్గించి అడిగింది. "సాయంత్రం ఇంట్లోనే ఉంటారు కదా? నిన్న మా వీధి మొదట్లోకి కూడా వచ్చింది."

"ఎక్కడికి పోతానండీ," అంది పంతులమ్మ.

ఆ సాయంత్రం ఆమె గుమ్మంలో నిలబడి నిన్నటి మాటే మళ్లీ అంది. సముద్రం పాత పాట విన్నట్టు హాయిగా విని, ఇంకో జానెడు ముందుకి జరిగింది. వెన్నెలకి సరైన మాట కోసం వారాలు వెతుక్కున్న మనిషికి ఇప్పుడు కొత్త తిట్టుకి ఒక్క మెట్టు వ్యవధి ఉంది. లోపల అత్త మూలిగింది. గడియారాల మెకానిక్ కిటికీ చువ్వలు పట్టుకుని ఆమె పెదాల వైపే చూస్తున్నాడు.

ఆమె కళ్లు మూసుకుంది. అమ్మ మొహం గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. అక్కడ, ఆ ఖాళీలో, ఒక మాట దొరికింది. బయటికి అంది. కిటికీల్లో పిల్లల చెవులు ఎవరూ మూయలేదు. నీళ్లు వెనక్కి తిరిగాయి.

పంతులమ్మ తడి గుమ్మంలోనే కూలబడి, రేపటి మాట వెతకడం మొదలుపెట్టింది.