ఆరో నంబరు రాయి

పదకొండేళ్ళలో ఏడు అద్దె ఇళ్ళు మారినదాన్ని నేను. పోర్టులో ఉద్యోగమొచ్చిందని మా ఆయన నన్ను కోనసీమ నుంచి వెంటబెట్టుకొచ్చిన ఏడాది కొన్న ట్రంకుపెట్టె ఇప్పటికీ అడుగుదాకా ఖాళీ చెయ్యలేదు. చేద్దామనుకునేలోగా ఇంటివాళ్ళ అబ్బాయికి పెళ్ళి కుదిరేది, లేదా అద్దె పెంచేవాళ్ళు, లేదా నేను గోడకి మేకు కొట్టానని తగువొచ్చేది. మేకు మాటెత్తితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. కేలండరు తగిలించుకోడానికి ఒకే ఒక్క మేకు కొట్టాను. ఆ మాత్రానికే అల్లిపురం ఇంటావిడ వీధంతా వినపడేలా సాధించింది. ఆ నెలాఖరుకి మా సామాను మళ్ళీ రిక్షా ఎక్కింది.

డెబ్బై రెండులో వెలంపేటలో ఒక పెంకుటిల్లు అమ్మకానికొచ్చింది. ఆ ఇంటి ముసలాయన మమ్మల్ని అరుగు మీద కూచోబెట్టి, మజ్జిగిప్పించి, ఏ ఊరు, ఎవరి తాలూకు, వంట గాడిపొయ్యి మీదా కిరసనాయిలు స్టవ్వు మీదా అని గంటసేపు అడిగాడు. ధర మాట అన్నిటికన్నా చివరకొచ్చింది. "మీరైతే ఇంటిని సుబ్బరంగా ఉంచుతారు. మీకే ఇత్తాను," అన్నాడు. మా ఆయన మాత్రం క్వార్టర్సు రేపో మాపో ఇస్తారు, సొంతిల్లు దేనికన్నారు. ఎనభై రెండు వచ్చినా ఆ రేపో మాపో రాలేదు.

ఈలోగా ఉక్కు ఫ్యాక్టరీ పనులు జోరందుకున్నాయి. ఊళ్ళో ఇల్లు అమ్మేవాడు మజ్జిగివ్వడం మానేశాడు. అసలు అమ్మేవాడు కనపడడమే మానేశాడు. మధ్యలో నీలకంఠం లాంటివాళ్ళు పుట్టుకొచ్చారు. ఈ నీలకంఠం ఒకప్పుడు భీమిలి బస్సులో కండక్టరు. ఇప్పుడు స్కూటరు మీద తిరుగుతూ, చంకలో నీలం రంగు ప్లాను కాగితం చుట్ట పెట్టుకుని, దువ్వాడ చుట్టుపక్కల పొలాలన్నీ నంబర్లు వేసి అమ్ముతున్నాడు. ఒక ప్లాటైతే ఏడాదిలో మూడు చేతులు మారింది. కొన్న ముగ్గురిలో ఒక్కడూ అక్కడ కాలు పెట్టలేదు. ఇదేం బేరమో నాకర్థం కాలేదుగానీ, ఇంకా ఆగితే దువ్వాడ కూడా దాటిపోయి కొనుక్కోవాల్సొస్తుందని మాత్రం అర్థమైంది. రోజూ ఇంట్లో గొడవ చేశాను. నా గాజులు తీసిచ్చాను. ఆ గాజుల డబ్బు కలిసింది కాబట్టి ఆరో నంబరు ప్లాటు నా పేరు మీదే రిజిస్టరైంది.

అది సన్యాసిరాజు అనే రైతు పొలం. పాత గట్టు పక్కనుంచి వరసగా పన్నెండు ప్లాట్లు, ఒక్కో ప్లాటు ముందు ఒక్కో తెల్లరాయి, రాయి మీద తారుతో నంబరు. రిజిస్ట్రేషనయ్యాక సన్యాసిరాజు మాతో ఒక మాటన్నాడు. "మీరు ఇల్లు కట్టిందాకా నేల కాలీగా ఎందుకమ్మా? ఈ వానలకి సోడి ఏసుకుంటాను."

రాగులేగా, వేసుకోమన్నారు మా ఆయన. అమ్మేసిన నేలలో ఇల్లు లేచేదాకా పాత రైతు పంట వేసుకోవడం అక్కడ అందరూ చేసేదేనట. నాకూ తప్పనిపించలేదు.

మరుసటి ఏడు మార్చిలో నుయ్యి తవ్వించడానికి వెళ్ళాం. ముందు నుయ్యి, తరవాత ఇల్లు. నీళ్ళు లేకపోతే గోడ ఎలా తడుపుతాం? కోతైపోయిన నేలలో రాళ్ళు బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నాయి. ఆరో నంబరు రాయికి నేను పసుపు రాసి బొట్టు పెట్టాను. మా ఆయన సంచీలోంచి కొలిచే టేపు తీశారు.

"టేపెందుకండీ, రాయి కళ్ళెదురుగా కనపడుతుంటే," అన్నాను. "మీరు కొలిచేలోగా మంచి గంట కాస్తా దాటిపోతుంది."

ఆయన టేపు లోపల పెట్టేశారు. ఆ మాట అన్నందుకు ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నుయ్యి తవ్వినవాడు జగ్గయ్య, పద్మనాభం ఊరి నుంచి తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. ఇరవై రెండు అడుగులకి నీళ్ళు పడ్డాయి. మొదటి చేద నాకే ఇచ్చాడు. తియ్యటి నీళ్ళు. ఆ నీళ్ళు తాగి, అక్కడే మట్టి గుట్ట మీద కూచుని ఏడ్చాను. పెళ్ళైన ఇన్నాళ్ళకి నాది అని చెప్పుకోడానికి ఒకటి దొరికింది.

రెండు వారాల తరవాత ఒరలు దింపుతుంటే ఒక ముసలామె వచ్చి నూతి ఒడ్డున నిలబడింది. భుజాన కొబ్బరితాడు చుట్ట ఉంది. లోపలికి తొంగిచూసి, మెల్లిగా అడిగింది.

"ఈ నుయ్యి ఎవుల్దమ్మా?"

"మాదే," అన్నాను.

"నా జాగాలో తవ్వీసినారు మరి."

ఆమె పేరు చిలకమ్మ. ఉక్కు ఫ్యాక్టరీకి ఊళ్ళు ఇచ్చినవాళ్ళలో ఒకామె. గాజువాకలో కూతురి పంచన ఉంటూ, వచ్చిన పరిహారంతో ఐదో నంబరు కొనుక్కుంది. నేను రాయి చూపించాను. ఆమె రాయి వైపు చూడను కూడా చూడలేదు.

"నంబర్లు నాకు తెల్దు. కొన్ననాడు గట్టుకాడి నుంచి ఈ తాడట్టి కొలిసి ముడేసుకున్నాను," అంది.

తాడు ఒక కొస గట్టు దగ్గర రాయి కింద నొక్కి, లాక్కుంటూ వచ్చింది. ముడి సరిగ్గా మా నూతికి ఇవతల ఆగింది. ఆ ముడి దగ్గర మొదలయ్యేదే తన జాగా అంది. మా ఆయన ప్లాను కాగితం విప్పి, ఈసారి టేపుతో కొలిచారు. రెండుసార్లు కొలిచారు. ముఖం పాలిపోయింది. తాడుదే నిజం. మా ప్లాటు ఆ పక్కది.

సన్యాసిరాజుని పిలిపించాం. అతను తల గోక్కుంటూ వచ్చాడు.

"రాళ్ళు నాగలికి అడ్డమొత్తన్నాయని పీకీసి గట్టు మీద ఎట్టినాను. కోత అయిపోనాక మళ్ళీ వరసగా పాతీసినాను. మూడో నంబరు రాయి ఇరిగిపోనాది. బట్టలుతుక్కోడానికి బాగున్నాదని మా ఇంటిది అట్టుకెల్లిపోనాది."

మూడు లేదు కాబట్టి ఆ చోట నాలుగు పాతాడు. నాలుగు చోట ఐదు, ఐదు చోట ఆరు. పన్నెండో ప్లాటు కొన్నవాడు ఎక్కడో హైదరాబాదులో ఉన్నాడు, తన జాగాలో రాయే లేదని చూసుకునేవాడెవడు? మా డబ్బు, జగ్గయ్య చెమట, నా పసుపు కుంకం అన్నీ చిలకమ్మ నేలలో పడ్డాయి. నాకు ఎవరి మీద అరవాలో తెలియక ఆమె మీద అరిచాను. తవ్వుతున్నన్నాళ్ళూ ఎక్కడికి పోయావన్నాను.

"నాను తవ్వమన్నానేటి?" అంది చిలకమ్మ.

అసలు ఆరో ప్లాటులో జగ్గయ్య గునపంతో నాలుగుచోట్ల పొడిచి చూశాడు. అడుగు లోతులో బండ. "ఇక్కడ నుయ్యి పడదమ్మా," అని గునపం దులుపుకున్నాడు.

ఆ సాయంత్రమే నీలకంఠం స్కూటరు మా అద్దింటి ముందు ఆగింది.

"అచ్యుతరామయ్యగారూ, దిగులెందుకండి? ఏడాదిలో రేటు రెట్టింపయిపోనాది. ఒక కాంట్రాక్టరు సిమెంటు గోడౌనుకి జాగా సూత్తన్నాడు. ఆయనకి నూతితో పనేటి? ఆరో నంబరు అమ్మీసి, ఆ డబ్బుతో అనకాపల్లి రోడ్డులో ఇంతకన్నా పెద్దది ఇప్పిస్తాను. రెండేళ్ళాగి అది అమ్మీండి, ఇంకా పెద్దదొస్తాది. ఇప్పుడు తెలివైనోల్లందరూ ఇలాగే సేత్తన్నారు. సోమవారం రిజిస్ట్రారాఫీసు కాడికి అమ్మగారిని తీసుకొచ్చీండి, అగ్రిమెంటు రాసీసుకుందాం."

మా ఆయన కళ్ళు మెరవడం చూశాను. అప్పటిదాకా పాలిపోయిన మనిషి, రాత్రి అన్నం దగ్గర వేలితో కంచంలో గీతలు గీస్తూ అమ్మడం, కొనడం, మళ్ళీ అమ్మడం లెక్కలు చెప్పారు.

"మరి ఇల్లెప్పుడు కడతాం?" అన్నాను.

"కడదాం. ఇంకో రెండు బేరాలయ్యాక."

ఈ మనిషి క్వార్టర్సు కోసం పదేళ్ళు ఆపాడు, ఇప్పుడు బేరాల కోసం ఇంకో పదేళ్ళు ఆపుతాడు. బేరం బేరానికీ ఊరికి దూరమవుతాం, ఈలోగా నేను ఎనిమిదో ఇల్లు, తొమ్మిదో ఇల్లు, పరాయివాళ్ళ గోడలకి మేకులు కొట్టకుండా ముసలిదాన్నైపోతాను. సంతకం పెట్టనంటే? ఇంట్లో రోజూ పోరు, చివరికి నేనే విసిగిపోయి పెట్టేస్తాను. నన్ను నేనెరగనా?

గురువారం ఆయన డ్యూటీకి వెళ్ళగానే బస్సెక్కి గాజువాక వెళ్ళాను. చిలకమ్మ కూతురి ఇంటి వసారాలో చేపలు శుభ్రం చేస్తోంది. ప్లాట్లు మార్చుకుందామని అడిగాను. ఐదు నాకిస్తే ఆరు నీకు, ఖర్చంతా నాదే అన్నాను.

ఆమె చేతిలో పని ఆపలేదు. "ఒకపాలి లెగమంటే లెగిసినాను. ఇల్లు, జీడితోట, మా ఆయన్ని కప్పెట్టిన జాగా, అన్నీ ఒగ్గీసి ఎల్లిపోనాను. ఇంక లెగను. పక్క జాగాకైనా సరే లెగను."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆమె పక్కన పీటేసుకుని కూచున్నాను. నా ఏడు ఇళ్ళ సంగతి చెప్పాను. మేకు సంగతీ చెప్పాను. ఆమె నవ్వింది.

"నీల్లు తోడుకో," అంది. "నేల నాది, నుయ్యి ఇద్దరిదీ. నానేటి వద్దంటానా?"

నోటిమాట ఈ రోజుల్లో నిలవదు, కాగితం మీద రాయించుకుందామన్నాను. అప్పుడు ఆమె చేతులాగిపోయాయి.

"ఏలిముద్ర నానెయ్యను. అప్పుడు ఏసినాను, ఊరు పోనాది."

"నేను చదివి వినిపిస్తాను. నీకు నచ్చని మాట ఒక్కటి ఉన్నా నీ ముందే చింపేస్తాను," అన్నాను. సోమవారం రిజిస్ట్రారాఫీసు దగ్గరికి రమ్మన్నాను. ఆమె ఎన్ని గంటలకో మాత్రం అడిగింది.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా నాకు కాలు నిలవలేదు. మూడు రోజుల్లో రెండుసార్లు అన్నం మాడ్చాను. ఆమె రాకపోతే ఏమిటి? వచ్చి ఒల్లనంటే ఏమిటి?

సోమవారం రిజిస్ట్రారాఫీసు ముందు కానుగ చెట్టు నీడలో కాగితాలు రాసేవాళ్ళు బల్లలేసుకుని ఉన్నారు. నీలకంఠం, మా ఆయన, పేంటు జేబులో చేతులు పెట్టుకుని కాంట్రాక్టరు. చిలకమ్మ లేదు. నీలకంఠం స్టాంపు కాగితం నా ముందుకు తోశాడు. నేను కలం తీసుకోలేదు. కొంగు సర్దుకున్నాను, దాహమేస్తోందన్నాను, లోపలికెళ్ళి కుండలో నీళ్ళు తాగొచ్చాను. మా ఆయన చికాకుగా చూస్తున్నారు. పదకొండు దాటాక గేటు దగ్గర కొబ్బరితాడు కనపడింది. తాడుతో సహా వచ్చింది మహాతల్లి.

బల్ల ముందున్న పెద్దాయనతో చెప్పాను. "ఇంకో కాగితం రాయండి. ఐదో నంబరులో ఉన్న నుయ్యి ఐదుకీ ఆరుకీ ఉమ్మడి. రెండిటి మధ్య గోడ ఎవరూ ఎప్పుడూ కట్టకూడదు. ఎవరు అమ్మినా, ఎవరు కొన్నా ఈ మాట నిలవాలి."

నీలకంఠం స్కూటరు తాళం బల్ల మీద పెట్టేశాడు. "అమ్మా, ఏటి సేత్తన్నారు? ఉమ్మడి నుయ్యి, గోడ కట్టకూడదు అని రాసీసుకుంటే ఆ ప్లాటు ఇంకెవుడూ కొనడు."

"కొనడా?"

"జన్మలో కొనడు."

"అయితే స్పష్టంగా రాయండి," అన్నాను రాసేవాయనతో.

కాంట్రాక్టరు మా ఆయన వైపొకసారి చూసి, జీపు వైపు నడిచాడు. మా ఆయన అతన్ని ఆపలేకపోయారు. ప్లాటు నా పేరు మీదుంది మరి. చాలాసేపు ఆ కానుగ చెట్టు మొదలు చూస్తూ నిలబడి, చివరికి సాక్షి సంతకం ఎక్కడ పెట్టాలని రాసేవాయన్ని అడిగారు. పదకొండేళ్ళ కోపం ఆ ఒక్క మాటకి సగం పోయింది, మిగతా సగం దాచుకున్నాను.

కాగితం చిలకమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. గోడ కట్టకూడదన్న చోట మళ్ళీ చదవమంది. చదివాను. బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద పెట్టేముందు నన్నడిగింది.

"ఇది రాసీసినాక నువ్వు కూడా ఎక్కడికీ లెగలేవు. తెలుసా?"

"తెలుసు," అన్నాను. "లెగను."

ఆమె వేలు కాగితం మీద గట్టిగా నొక్కింది.