వస్తానన్న మాట

మూడో ఇంట్లో స్నానం చేయించి బయటికొచ్చిన ఎస్తేరమ్మ, కారు స్టార్టు చెయ్యకుండా కాసేపు అలాగే కూర్చుంది. నడుము పట్టేసింది. అద్దం మీద వాన తుంపర పడుతోంది. అప్పుడే నోరీన్ ఫోన్ చేసి, రేపు మధ్యాహ్నం బ్రీడా కెహో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి, నువ్వూ ఉండాలి అంది. గొంతులో ఎప్పుడూ ఉండే సరదా లేదు.

ఈ పరాయి దేశంలో కార్లో అనే పట్నానికి కొంచెం అవతల ఉన్న ఆ చిన్న ఊళ్ళో ముసలివాళ్ళను చూసుకునేందుకు ఊరివాళ్ళే ఒక సొసైటీ పెట్టుకున్నారు. గవర్నమెంటు పంపే మనుషులు చాలక, పాత బట్టల కొట్టొకటి, దాని పక్కన టీలు, కేకులు అమ్మే గదొకటి తెరిచారు. వాటి మీద వచ్చిందంతా ఇంటింటికీ వెళ్ళి స్నానాలు చేయించి, మందులు వేయించే కేరర్ల జీతాలకు పెడుతున్నారు. నోరీన్ ఆ సొసైటీని నడుపుతుంది. ఎస్తేరమ్మ అందులో కేరర్. ఎనభై దాటిన బ్రీడా ఒకప్పుడు ఆ కొట్లో జీతం లేకుండా పనిచేసి, పాత బట్టల కోసం ఊళ్ళోవాళ్ళ బీరువాలన్నీ ఖాళీ చేయించిన మనిషి. ఇప్పుడు ఆమెకే సాయం కావలసి వచ్చింది.

బ్రీడా బుర్ర సరిగా పనిచెయ్యడం లేదట. సాయంత్రమైతే కోటు వేసుకుని, వీధి తలుపు బార్లా తెరిచి, పక్కనే కుర్చీలో కూర్చుంటోందట. ఎవరైనా అడిగితే ఎస్తర్ వస్తానంది అంటోందట. మొన్న చలికి చేతులు కొయ్యబారిపోయి ఉంటే పక్కింటివాళ్ళు చూసి లోపలికి తీసుకెళ్ళారు. కొడుకు డెక్లన్ లీక్స్‌లిప్ అనే ఊళ్ళో కంప్యూటర్ చిప్పులు తయారుచేసే చోట ఇంజనీరు. ఇక ఒంటరిగా ఉంచనని, ముసలివాళ్ళను ఉంచుకునే నర్సింగ్ హోమ్‌లో చేర్చేస్తానని అంటున్నాడు. అదంతా నోరీన్ ఫోన్లోనే చెప్పింది.

ఆ ఇల్లు వదిలితే బ్రీడా ఎన్నాళ్ళో బతకదని ఎస్తేరమ్మకు తెలుసు. తాను వెళ్ళేది పొద్దున మాత్రమే. సాయంత్రం వస్తానని ఎన్నడూ అనలేదు. పాపం, మతి తప్పుతోందన్నమాట అనుకుంది.

ఇంటికొచ్చి, కోటు విప్పే ఓపిక లేక సోఫా అంచున కూర్చునే ఆ సంగతంతా చెప్పింది. భర్త కృపాదానం గోడౌన్లో నైట్ డ్యూటీకి వెళ్ళబోతూ అన్నం తింటున్నాడు. కూతురు ఫెబి సింకు దగ్గర గిన్నెలు కడుగుతోంది. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ నోరు విప్పితే సగానికి పైగా ఇంగ్లీషే.

"మామ్, వచ్చేసేటప్పుడు ఆమెకి ఏం చెప్తావ్?" అంది ఫెబి.

"ఏం చెప్తానే? వస్తానండీ అని చెప్తా."

"తెలుగులోనా?"

"తెలుగు ఆవిడకేం తెలుస్తది? ఐ విల్ కమ్ అంటాను."

ఫెబి కుళాయి కట్టేసింది. "మామ్, అలా అంటే నిజంగా ఆ రోజే మళ్ళీ వస్తావని అర్థం. షీ ఈజ్ వెయిటింగ్ ఫర్ యూ."

కృపాదానం నోటి దాకా వచ్చిన ముద్దను ఆపాడు. "ఓసినీ! రోజూ వస్తా వస్తా అని చెప్పి ఆ ముసలామెని గుమ్మంలో కూర్చోబెడతన్నావా?" అని నవ్వబోయి, భార్య మొహం చూసి ఊరుకున్నాడు.

"మరి పోతన్నా అంటామా ఎవరింట్లోనన్నా? అట్టా అనగూడదు గదా" అంది ఎస్తేరమ్మ. అంటూనే ఆమెకు బ్రీడా మొహం గుర్తొచ్చింది. తాను గుమ్మంలో ఆ మాట అన్నప్పుడల్లా ఆమె తలూపి, సరే, ఎదురుచూస్తుంటాను అనేది. అది మర్యాదకి అంటోందనుకుంది తాను.

చెయ్యి కడుక్కుంటూ కృపాదానం, రేపు ఆ సంగతి ఎత్తొద్దన్నాడు. నీ వల్లే మా అమ్మ చలిలో కూర్చుందని ఆ కొడుకు కంప్లైంటు ఇస్తే ఉన్న పనీ పోతుందన్నాడు. ఎస్తేరమ్మ లేచి కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. ఆ మాటలోనూ నిజం ఉంది.

మర్నాడు బ్రీడా వంటింట్లో నలుగురూ కూర్చున్నారు. డెక్లన్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లీక్స్‌లిప్ దగ్గరే మంచి చోటు చూశానని, అక్కడైతే తాను రోజూ వచ్చి చూడొచ్చని చెప్పాడు. చెడ్డ కొడుకులా మాట్లాడలేదు, అలిసిపోయినవాడిలా మాట్లాడాడు. బ్రీడా టీ కప్పులో చెంచా తిప్పుతోంది. నోరీన్ ఎస్తేరమ్మ వైపు తిరిగి, ఈ మధ్య ఈవిడలో మతిమరుపు ఏమైనా కనిపించిందా అని అడిగింది.

లేదని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ ఒక్క మాటతో డెక్లన్ ఆగేలా లేడు.

"నేను వస్తానన్న మాట నిజమే" అంది ఎస్తేరమ్మ.

ముగ్గురూ ఆమెను చూశారు. మా భాషలో వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని అనం, వస్తానంటాం అని తనకొచ్చిన ఇంగ్లీషులో తడబడుతూ చెప్పింది. అది సెలవు తీసుకోవడమే తప్ప రావడం కాదంది. ఈవిడ బుర్రకేం కాలేదు, నేనన్నదే ఈవిడ విన్నది అంది. తప్పు నాదే అని కూడా చెప్పింది.

నోరీన్ నవ్వాపుకోలేక చేత్తో మొహం కప్పుకుంది. డెక్లన్ నవ్వలేదు.

"అంటే మా అమ్మ ఇన్నాళ్ళూ నీకోసం చలిలో కూర్చుందా?"

"అవును, సార్."

అతను ఇంకేదో అనబోయాడు. అప్పుడు బ్రీడా చెంచా కింద పెట్టింది.

"రాదని నాకు మొదట్లోనే తెలిసింది, డెక్లన్" అంది. "వారం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కానీ రోజు మొత్తంలో నాకు మళ్ళీ వస్తానని చెప్పేది ఈమె ఒక్కతే. అందుకే తలుపు తీసి ఉంచాను."

డెక్లన్ రెండు చేతులతో కళ్ళు రుద్దుకున్నాడు. చివరికి, సరే, ఈ చలికాలం ఇక్కడే ఉండు, బుధవారం, ఆదివారం నేను వచ్చి పడుకుంటాను అన్నాడు. తలుపు మాత్రం వేసుకోమన్నాడు. మిగతా సాయంత్రాలకు కొట్లో పనిచేసేవాళ్ళను ఒక్కొక్కరినీ అడుగుతానంది నోరీన్. వాళ్ళూ అలిసిపోయి ఉన్నారు, అయినా బ్రీడా కోసమంటే కాదనరేమో చూస్తానంది. తర్వాత ఎస్తేరమ్మ వైపు చూసింది. వారానికి ఒక్క సాయంత్రం నువ్వూ రాగలవా అన్న ప్రశ్న ఆమె నోటి దాకా వచ్చిందని ఎస్తేరమ్మకు అర్థమైంది. రాలేనని చెబితే ఎలా, వస్తానంటే ఎలా అని గింజుకుంటూ, రెండు చేతులూ బల్ల కింద పెట్టుకుంది.

"ఈమెను అడక్కు, నోరీన్" అంది బ్రీడా. "ఈమె ఇంటికెళ్ళి నిద్రపోవాలి. పొద్దున వస్తోంది కదా, చాలు."

ఎస్తేరమ్మకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా హాయిగా అనిపించింది. ఆ హాయికి మళ్ళీ సిగ్గేసింది. ఇంకా రెండిళ్ళు ఉన్నాయి, లేవాలి. నోరీన్ ముందే లేచి కోటు అందుకుని, నాలుగో ఇల్లు నేను చూస్తాలే, నువ్వు టీ తాగి ఐదో ఇంటికి కదులు అంది. ఆ ఇంటి పెద్దాయనకు ఎడమ భుజం నొప్పి, చొక్కా ఆ వైపు నుంచే ముందు తొడగమని చెప్పడం వరకే ఎస్తేరమ్మకు గుర్తుంది. టీ చల్లారిపోతుంటే కుర్చీలోనే ఆమెకు కళ్ళు మూతపడ్డాయి. తల్లీకొడుకులు గొంతు తగ్గించి, డెక్లన్ ఏ గదిలో పడుకోవాలో మాట్లాడుకుంటున్నారు.