ఒంటికన్ను సేనాపతి

ఏవే యామినీ, ఆ ఇయర్‌ఫోన్లు తియ్యి. ఏడు రాజ్యాల కథంట, ఏడాదినుంచీ వింటందంట! రాజుగారి తమ్ముడి పేరు చెప్పవే అంటే పైన దూలాలు చూస్తంది. సిగ్గుపడకులే. నీకంటే ముదురు మామిడికుదురులో ఉన్నాడు, బాపిరాజని.

రాంబాబుగారి కొబ్బరి కళ్లంలో ఓ పద్ధతుంది. అందరూ కాయలకి పీచు పీకుతుంటే ఒకళ్లు కుర్చీలో కూర్చుని కథ చెప్పాలి. కథ చెప్పేవాళ్లు కాయ ముట్టుకోనక్కర్లేదు. కూలి అందరితో సమానం. మొదటి టీ గ్లాసూ వాళ్లకే. ఆ కుర్చీ ఏళ్లతరబడి బాపిరాజుదే. దెయ్యం కథ మొదలెట్టేడంటే టీ వచ్చేలోపు దెయ్యం ఊరొదిలి పోవాల్సిందే.

ఇంతలో కువైట్‌నుంచి సత్యదుర్గ దిగింది. అక్కడ వంట చేసుకుంటా ఫోన్లో విన్నానంటా ఓ రాకుమారుడి కథ ఎత్తుకుంది. అంతే, కుర్చీ ఆవిడదైపోయింది.

బాపిరాజు ఊరుకుంటాడా! కాయ ముట్టుకోకుండా పీచుగుట్టెక్కి సణుగుతాడు. "వారంనుంచీ ఆ రాకుమారుడు రేవులోనే నిలబడ్డాడు! సఖినేటిపల్లిలో గోదారి దాటే పంటెక్కుంటే ఈపాటికి నరసాపురంలో బజ్జీలు తినొచ్చేసేవోడు. గొడుగు పట్టేవాడికో కథ, వాడి అమ్మమ్మకో కథ. పెళ్లికైనా ఇంతమంది రారు!"

"ఊరుకోండన్నయ్యగారూ, వినబడట్లేదు," అని కసిరింది వీరాయమ్మ. నిన్నటిదాకా ఈయన కథలకి పగలబడి నవ్విందీ ఆవిడే. అది మరీ గుచ్చుకుంది.

ఇంత జనం సత్యదుర్గకి మాత్రం గుర్తుంటారా? కథలో లేనోడి గురించి అడిగితే నీళ్లు నములుద్ది, కుర్చీ మళ్లీ మనదే అనుకున్నాడు.

మర్నాడు గొంతెత్తేడు. "అమ్మాయ్, ఒంటికన్ను సేనాపతి చండకేతుణ్ణి గుర్రమెక్కించి వదిలేసేవు. ఏవైపోయేడూ?"

సత్యదుర్గ రెప్ప వెయ్యలేదు. "గుర్తున్నాడా బాబాయిగారూ! ఒక్కరూ అడగలేదండి."

"పాపం, పెళ్లానికి చెప్పకుండా పోయేడు కదా!" అని వీరాయమ్మ కళ్లొత్తుకుంది.

వాణ్ణి పుట్టించింది నేను కదా, అనుకున్నాడు బాపిరాజు. ఆ పెళ్లాన్ని ఎవరు పుట్టించేరు?

ఆ రోజునుంచీ కథంతా చండకేతుడిదే. బాపిరాజు గుట్ట దిగి కుర్చీ పక్కకి చేరేడు. వాడు అడవిలో దారి తప్పితే, "అటు కాదెహె!" అని అరిచేడు. వాడి గుర్రం చచ్చిపోతే ఈయన టీ చల్లారిపోయింది.

శనివారం అందరూ వెళ్లేక ఉండబట్టలేక అడిగేడు. "అమ్మాయ్, నా బుద్ధి గడ్డి తిని అడిగేను. అలాంటోడు నీ కథలో లేడు కదా?"

"ఆయ్, లేడండి. నాకప్పుడే తెలుసండి."

"మరెందుకు పెట్టేవు?"

"బాబాయిగారి చేత ఒక్క కాయైనా పీచు తీయించగలవా అని రాంబాబుగారు పందెం కాసేరండి."

బాపిరాజు కిందకి చూసేడు. చేతినిండా పీచు. ఒళ్లో సగం పీకిన కాయ. ముందు మోకాలెత్తు గుట్ట, అన్నీ పిలక వదిలి శుభ్రంగా తీసినవే.

మిగతా సగం పీకుతా అడిగేడు.

"అది సరేగానీ, చండకేతుడు ఇంటికి చేరతాడా?"